వెనక ఆరు టన్నులు

బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంది.

ఏడింటికల్లా వస్తానని నిన్న ఫోన్ చేసి చెప్పావు. నువ్వొచ్చేలోపే బండి స్టార్టు చేసి, కాసేపు తిప్పి, ఆపి, నీళ్ళు కొట్టి తుడిచి నిలబెట్టారు. రాత్రంతా చల్లారిన డీజిలింజను పొద్దున్నే ఎలా లేస్తుందో చూస్తే దాని జాతకం సగం తెలిసిపోతుంది. ఆ సగం నీకు కనపడకుండా చేశారు.

"తొందరేం లేదబ్బాయ్. ఇది చల్లారేలోపు రెండోది చూద్దాం" అంటాడు నీతో వచ్చిన మెకానిక్ బాబాయ్. ఆటోనగర్లో ట్రాక్టర్లు విప్పీ బిగించీ తల నెరిసిన మనిషి. చేతిలో ఓ టార్చిలైటు, ఓ పానా, నూనె గుడ్డ.

నువ్వు భవానీపురంలో ఉన్నావు. లారీ స్టాండు దాటాక హైవే పక్కన, పాత ట్రాక్టర్లు అమ్మే యార్డు. తూర్పున ఇంద్రకీలాద్రి. దక్షిణాన ఇళ్ళ వెనక కృష్ణ. హైదరాబాదు పోయే లారీల హోరులో పక్కవాడి మాట వినాలంటే చెవి దగ్గర పెట్టాలి. నీ జేబులో అడ్వాన్సు డబ్బులున్నాయి. కంకిపాడు దగ్గర నీకు ఎనిమిదెకరాల వరి. కోతలు దగ్గర పడ్డాయి. పోయినేడు కిరాయి బండి దొరక్క ధాన్యం కల్లంలోనే తడిసింది. ఈసారి సొంత బండి ఉండాలి. చేలో దమ్ము చెయ్యాలి, ట్రక్కు తగిలించి ధాన్యాన్ని మిల్లుకు చేర్చాలి. పికప్ వ్యాను కొనమన్నవాళ్ళూ ఉన్నారు. అది రోడ్డు మీద బాగానే పోతుంది. బురదలోకి దిగమంటే దిగదు.

కొత్తదే తీసుకోవచ్చుగా? 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ధర తగ్గింది, నిజమే. అయినా నీ చేతికందే దూరంలో లేదు. తుపాను వస్తే వాయిదా కట్టలేని అప్పు మీద నీకు ధైర్యం చాలడం లేదు.

నీ కళ్ళు నీలంబండి మీదే ఉన్నాయి. 55 హార్స్‌పవర్. 2023 మోడలు. ఎత్తుగా, నిగనిగలాడుతూ నిలబడి ఉంది. పక్కన ఇందాక చెయ్యి పెట్టిన ఎర్రది: 45 హార్స్‌పవర్, పదేళ్ళ పాతది, మడ్‌గార్డు సొట్టపోయింది. రెండింటి ధరలకీ పెద్ద తేడా లేదు. బాబాయ్‌ని ఆపింది అదే. ఇంత కొత్త బండి ఇంత తక్కువకి ఎందుకిస్తున్నారు?

సీటెక్కు. స్టీరింగు పట్టుకో. బావుంది కదూ. సరే, దిగు. అసలు చూడాల్సినవి కింద ఉన్నాయి.

బాబాయ్ హెడ్‌లైటు మీద టార్చి వేస్తాడు. అద్దం లోపలి వైపు, అడుగున, సన్నటి బురద గీత. బయట ఎంత తుడిచినా అక్కడికి గుడ్డ చేరదు. ఫ్యూజుల పెట్టె మూత తీస్తాడు. స్క్రూల తలలు తుప్పుపట్టి ఉన్నాయి. తర్వాత గేరుబాక్సులో ఆయిలు కొలిచే కడ్డీ లాగి నీ కళ్ళ ముందు పెడతాడు. ఆయిలు తేటగా ఉండాలి. ఇది పాలు కలిపిన టీలా ఉంది. నీళ్ళు కలిశాయి.

గేరుబాక్సులోకి నీళ్ళెక్కడివి? 2024 సెప్టెంబరు 1 గుర్తు తెచ్చుకో. బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ మునిగింది. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోటెత్తింది. 1957లో బ్యారేజీ కట్టిన దగ్గర్నుంచి అంత నీరు ఎన్నడూ రాలేదు. కార్లు తేలిపోయిన వీధుల్లో ట్రాక్టర్లు పాలప్యాకెట్లు, మంచినీళ్ళు మోశాయి. ముసలివాళ్ళనీ పసిపిల్లల్నీ ట్రక్కుల్లో ఎక్కించుకుని ఒడ్డుకు తెచ్చాయి. నీళ్ళ నుంచి బయటపడలేకపోయిన బండ్లు ఆ తర్వాత ఒక్కొక్కటీ చేతులు మారాయి.

"మునిగిందా అన్నా ఇది?" అని అడుగుతావు. అమ్మేవాడు హైవే వైపు చూస్తూ, "మా దగ్గరికొచ్చేసరికి ఇలాగే ఉంది తమ్ముడూ" అంటాడు.

పాత బండి మునిగితే విప్పి, కడిగి, నూనెలు మార్చి బతికించుకోవచ్చు. దీనితో అది కష్టం. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటిని అందుకోవడానికి డీజిల్ కొలిచి కొట్టే పనిని ఎలక్ట్రానిక్ పెట్టెకు అప్పగించారు. తడిసిన ఆ పెట్టె ఏ రోజు మొండికేస్తుందో తెలియదు. మొండికేసిన రోజున ఊళ్ళో మెకానిక్ చెయ్యగలిగిందేమీ ఉండదు. కంప్యూటరు తగిలించే మనిషి రావాలి. అప్పటికి నీ ధాన్యం రోడ్డు మీద ఉంటుంది.

నీలంబండి దగ్గర్నుంచి ఇటు వచ్చెయ్. మనసు పీకుతుంది. అయినా వచ్చెయ్.

ఫోన్ మోగుతోంది. డల్లాస్ నుంచి బావ. అక్కడింకా రాత్రి తొమ్మిదే. ఆయనకి అక్కడ పెద్ద డీజిల్ పికప్ ఉంది, దాని వెనక పడవ తగిలించుకుని చెరువులకి వెళ్తాడు. "ఎన్ని హార్స్‌పవర్రా?" అని అడుగుతాడనుకుంటావు. అడగడు. "ట్రక్కుకి బ్రేకులున్నాయా?" అంటాడు.

"ట్రక్కుకి బ్రేకులేంటి బావా?"

"టెక్సస్‌లో మామూలు వేగంతో రోడ్డెక్కాలంటే 4,500 పౌండ్లు దాటిన ట్రైలరుకి సొంత బ్రేకులుండాల్సిందే. అంటే రెండు టన్నులు. మీది ఎంతుంటుంది?"

లెక్క వెయ్యి. 75 కిలోల బస్తాలు అరవై. నాలుగున్నర టన్నులు. ఖాళీ ట్రక్కు బరువు మరో టన్నున్నర. మొత్తం ఆరు. దాని ముందున్న ట్రాక్టరు రెండు టన్నులు. "మన రోడ్ల మీద అంత స్పీడెక్కడ బావా" అని ఫోన్ పెట్టేస్తావు. ఆ ఆరు మాత్రం నీ తలలోనే ఉండిపోతుంది.

ఎండ ఎక్కింది. టిఫిన్ అయింది. ఎర్రది చల్లారింది.

తాళం తిప్పు. రెండు చుట్లు తిరిగి అందుకుంటుంది. గుప్పున నల్లపొగ, అంతలోనే పలచబడుతుంది. పరవాలేదు. తెల్లపొగ ఆగకుండా వచ్చినా, నీలంపొగ కనపడినా ఇక్కడే ఆపేసేవాళ్ళం. బాబాయ్ ఇంజనాయిల్ మూత తిప్పి తీస్తాడు. నీ అరచెయ్యి దాని మీద పెట్టిస్తాడు. గాలి మెల్లగా తగులుతోంది. ఆగి ఆగి కొట్టడం లేదు. "బ్యాక్ కంప్రెషన్ లేదు. రింగులు బానే ఉన్నాయి."

డెల్టా బండి కాబట్టి ఇంకోటి చూడాలి. ఇది ఎన్నేళ్ళు దమ్ము చేసిందో ఎవరికి తెలుసు? దమ్ములో బండి ఇరుసు లోతు బురదలో గంటల తరబడి తిరుగుతుంది. సీళ్ళు అరిగితే రేగడి లోపలికి పోయి బేరింగుల్ని తినేస్తుంది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి రెండు చేతులా పట్టుకుని ఊపు. కొద్దిగా ఆడుతోంది. అది ఖర్చే, అయినా చిన్న ఖర్చు. వెనక టైరు వాల్వు నొక్కితే గాలికి బదులు నీళ్ళు చిమ్మి నీ చొక్కా తడుస్తుంది. కంగారు పడకు. నేల మీద పట్టు కోసం వెనక టైర్లలో నీళ్ళు నింపుతారు. ఈ బండిని ఎవరో తెలిసిన మనిషే వాడాడు.

"ఖాళీ బండి తిప్పి చూస్తే ఏం తెలవదు" అంటాడు బాబాయ్. "లోడు తగిలించండి."

యార్డు పక్కన ఇసుక ట్రక్కు ఉంది. ఒక యూనిట్ తడి ఇసుక. వంద ఘనపుటడుగులు. నీ అరవై బస్తాలకి ఏమాత్రం తీసిపోని బరువు. ట్రక్కు దూలాన్ని కిందనున్న హుక్కుకే తగిలించు. పైన లింకుల దగ్గర తగిలిస్తే సులువే, కానీ లాగే చోటు వెనక ఇరుసు కంటే ఎత్తులో ఉంటే ట్రాక్టరు ముందుభాగం గాల్లోకి లేస్తుంది. పిన్ను దింపు. చివర క్లిప్పు పెట్టు. పెట్టావా? మళ్ళీ చూడు.

నది వైపు కట్ట ఎక్కే వాలు ముందుంది. రెండో గేరు. క్లచ్ మెల్లగా వదులు.

ఎక్కుతోంది. ఇంజను గొంతు మారింది. సీటు కింద బరువు వెనక్కి లాగుతోంది. సగం ఎక్కావు. స్టీరింగు తేలికైంది. మరీ తేలికైంది. తిప్పితే బండి తిరగడం లేదు. ముందు చక్రాలు నేలని వదిలాయి.

రేజు తగ్గించు. క్లచ్ తన్నకు. రేజు మాత్రమే.

దిగాయి. నేల తగిలిన చప్పుడు వెన్నులోకి వచ్చింది. ఇసుకంతా ట్రక్కు ముందువైపే పోశారు. ఆ బరువు హుక్కు మీద పడి బండి వెనకభాగాన్ని తొక్కి, ముందుభాగాన్ని లేపింది. ఇంకాస్త రేజిచ్చి ఉంటే బండి వెనక్కి తిరగబడేది. దానికి రెండు సెకన్లు కూడా పట్టదు.

కట్ట మీద ఆగు. ఊపిరి తీసుకో. ఎడమ పక్క కృష్ణ నిండుగా ఉంది. ఇప్పుడు దిగాలి.

ఎక్కిన గేరులోనే దిగాలని అందరికీ తెలుసు. నీకూ తెలుసు. కానీ పైన చదునులో మూడో గేరు వేశావు. వాలు మొదలైంది. మార్చే టైము లేదు.

తోస్తోంది.

వెనక ఆరు టన్నులు. నిన్ను తోస్తున్నాయి. లాగేది నువ్వు కాదిప్పుడు. ఇంజను అరుస్తోంది. న్యూట్రల్ వైపు చెయ్యి పోతోంది. వద్దు. క్లచ్ తొక్కినా, న్యూట్రల్ వేసినా ఇంజను పట్టు పోతుంది. ఇక బండి నీది కాదు.

బ్రేకు తొక్కు.

తొక్కావు. బండి కుడికి తిరిగింది! ఒక్కసారిగా. ట్రక్కు ఎడమకి జరిగింది. దూలం మూలుగుతోంది. కట్ట అంచు దగ్గరైంది.

కాలు తియ్!

తీశావు. స్టీరింగు నిటారుగా పెట్టు. పెట్టావు. బండి సర్దుకుంది.

రెండు పెడళ్ళు. రెండూ కలిపి. పాదం అడ్డంగా పెట్టు. మెల్లగా.

మెల్లగా.

ఆగింది.

వాలు దిగువన, దుమ్ములో, ఇంజను ఇంకా నడుస్తోంది. నీ కుడికాలు వణుకుతోంది. బాబాయ్ పరుగెత్తుకుంటూ వచ్చి ముందు నీ మొహం చూస్తాడు, తర్వాత కిందికి వంగి బ్రేకు పెడళ్ళు చూస్తాడు.

ట్రాక్టరుకి బ్రేకు పెడళ్ళు రెండుంటాయి. వెనక కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి. చేలో గట్టు దగ్గర పొట్టి మలుపు తిప్పుకోవడానికి ఒక్కదాన్నే తొక్కుతారు. రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపి లాకు వెయ్యాలి. దమ్ములో ఏళ్ళపాటు వేసీ తీసీ ఈ బండి లాకు అరిగిపోయింది. ఎక్కేటప్పటి కుదుపుకి ఊడిపోయింది. నీ కాలు కుడి పెడలు మీదే పడింది. ఒక్క చక్రమే పట్టింది. ముందు చక్రాలకి ఎలాగూ బ్రేకుల్లేవు. ట్రక్కుకి అసలే లేవు. ఎనిమిది టన్నుల్ని ఆపే భారమంతా ఒక్క చక్రం మీద పడింది.

ఇదే వాలుకి బదులు బందరు కాలువ గట్టు అనుకో. ఇసుకకి బదులు బస్తాల మీద నాట్లకి పోయే ఆడకూలీలు కూర్చున్నారనుకో. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలికి వెళ్తున్నవాళ్ళ ట్రాక్టరు మూసీ కాలువలోకి పల్టీ కొట్టింది. 15 మంది పోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. మన డెల్టాలో కాలువ పక్కన లేని రోడ్డు ఎంతుంది? సాయంత్రం చీకటి పడుతుంటే "ట్రక్కులో ఎక్కండమ్మా, దింపుతాను" అని మనలో ఎంతమంది అనలేదు? వాళ్ళని ఎక్కించుకోకు. ట్రక్కు సరుకు కోసం చేసింది, మనుషులకి దాంట్లో పట్టుకునే ఆధారం కూడా లేదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

యార్డులోకి తిరిగొచ్చాక అమ్మేవాడు నీలంబండి తాళాలు ఊపుతాడు. "ఇది తీసుకో తమ్ముడూ, దీని బలం ముందు ఆ కట్ట లెక్కే కాదు." ఎక్కడం లెక్క కాదేమో. కానీ ఎక్కే బలం ఎర్రదానికీ సరిపోయిందని నీ వెన్నుకి తెలుసు. నిన్ను భయపెట్టింది దిగడం. అక్కడ పది హార్స్‌పవర్లు ఎక్కువుండి ఏం చేస్తాయి?

"ఎర్రది" అంటావు. "కానీ ఇలా కాదు."

బాబాయ్ వేళ్ళు మడిచి చెబుతాడు. బ్రేకులు విప్పి కొత్త డిస్కులు వెయ్యాలి. పెడళ్ళ లాకు మార్చాలి. ముందు చక్రాల బేరింగులు, సీళ్ళు. ఆర్సీ మీద ఫైనాన్సు ఉంటే క్లియరెన్సు కాగితం చేతికివ్వాలి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిపోయాకే అడ్వాన్సు. అమ్మేవాడు గొణుగుతాడు, బేరమాడతాడు, చివరికి ఒప్పుకుంటాడు.

"ట్రక్కుకి కూడా బ్రేకులు పెట్టించాలి బాబాయ్. అవుతుందా?"

ఆయన నీ వైపు కాసేపు చూస్తాడు. "ఆటోనగర్లో అవుద్ది. ఇరుసుకి డ్రమ్ములు వేయించి, దూలం దగ్గర స్ప్రింగు పెడతారు. వెనక బరువు ముందుకు తోస్తే ఆ తోపుతోనే బ్రేకు బిగుసుకుంటది. కానీ ఎవరూ పెట్టించుకోరబ్బాయ్."

"దానికి నేను డబ్బులివ్వను" అంటాడు అమ్మేవాడు వెంటనే.

"నేనిస్తాలే అన్నా" అంటావు. ముందు ఆర్సీ తెమ్మంటావు. ఆయన షెడ్డులోకి వెళ్తాడు, బాబాయ్ పానా తీసుకుని ఎర్రదాని కింద దూరి బ్రేకులు విప్పడం మొదలెడతాడు.