జనాభా రేట్లు: ఉపవర్గాల ప్రభావం

ఒక ప్రాంతపు మరణాల రేటు అక్కడి పిల్లలు, వృద్ధులు, పేదలు, ధనికులు వంటి వర్గాల విడి రేట్ల నుంచి వచ్చే సగటు. ఏ వర్గంలో జనం ఎక్కువో ఆ వర్గం రేటుకు సగటులో అంత బలం. కాబట్టి ఏ వర్గంలోనూ మరణాలు పెరగకపోయినా, వర్గాల పాళ్లు మారినంత మాత్రాన మొత్తం రేటు పెరగవచ్చు.

ఈ చిక్కు 1844లో ఇంగ్లండ్‌లో వాదానికి దారితీసింది. పారిశుద్ధ్య సంస్కర్త ఎడ్విన్ చాడ్విక్, చనిపోయినవారి సగటు వయసును బట్టి ప్రాంతాల ఆరోగ్యాన్ని పోల్చవచ్చన్నాడు. బీమా గణాంకవేత్త ఎఫ్.జి.పి. నీసన్ ఒప్పుకోలేదు. పసిపిల్లలు ఎక్కువున్న చోట ఆ సగటు ఎలాగూ తగ్గుతుంది. అందుకే ఆయన ఒక ప్రాంతపు వయసులవారీ మరణ రేట్లను మరో ప్రాంతపు జనాభాకు వర్తింపజేసి చూపాడు. నేటి ప్రామాణీకరణ పద్ధతికి అది తొలి రూపం.

అన్నిటికన్నా కళ్లు తెరిపించే ఉదాహరణ 1934లో కోహెన్, నాగెల్ తమ తర్కశాస్త్ర గ్రంథంలో ఇచ్చారు. 1910లో క్షయ మరణాలు లక్షకు న్యూయార్క్‌లో దాదాపు 186, రిచ్‌మండ్‌లో 224. చూడగానే న్యూయార్క్ నయమనిపిస్తుంది. విడదీస్తే తెల్లవారిలో న్యూయార్క్ రేటు 179, రిచ్‌మండ్‌ది 162. నల్లజాతివారిలో 560, 332. అంటే రెండు వర్గాలకూ రిచ్‌మండే మెరుగు. రెండు నగరాల్లోనూ క్షయ నల్లజాతివారినే ఎక్కువగా బలిగొంది. వారు రిచ్‌మండ్‌లో మూడో వంతుకు మించి ఉండగా, న్యూయార్క్‌లో నూటికి ఇద్దరే. ఫలితం తలకిందులు కావడానికి కారణం ఇదే. ఇలాంటి తిరకాసును గణాంకవేత్త యూల్ 1903లోనే గుర్తించినా, 1951లో దానిపై వ్యాసం రాసిన సింప్సన్ పేరే స్థిరపడింది.

రెండు రేట్ల మధ్య తేడాలో జనాభా కూర్పు వాటా ఎంత, అసలు రేట్ల వాటా ఎంత అని విడదీసే సూత్రాన్ని 1955లో ఎవెలిన్ కితగావా అందించింది. కేరళను అర్థం చేసుకోవడానికి ఈ విభజన తప్పనిసరి. 2019 నమూనా నమోదు లెక్కల్లో వెయ్యికి మరణాలు దేశంలో 6.0, కేరళలో 7.1. అయినా ఆయుర్దాయంలో కేరళ దేశ సగటు కన్నా ఎంతో ముందుంది. అక్కడ వృద్ధుల పాలు ఎక్కువ కావడమే మరణ రేటు ఎక్కువగా కనిపించడానికి మూలం.

ఒకే వర్గంలోని మనుషుల మధ్య లెక్కల్లో కనబడని తేడాలూ ఉంటాయి. బలహీనులు ముందు పోతే మిగిలేది గట్టివారే. అందువల్ల ముదిమిలో మరణాల పెరుగుదల నెమ్మదించినట్లు కనిపిస్తుంది. 1979లో వాపెల్, మాంటన్, స్టల్లార్డ్ దీనికి గణిత రూపమిచ్చారు. అమెరికాలో బాగా ముసలి వయసులో నల్లజాతివారి మరణ రేటు తెల్లవారి కన్నా తక్కువగా నమోదు కావడాన్ని కొందరు ఇలాగే వివరిస్తారు. వయసు నమోదులో తప్పులే కారణమని మరికొందరి వాదన.