పుట్టి
పుట్టి అనేది వెదురు బద్దలను గంపలా అల్లి, నీరు చొరకుండా వెలుపల తోలు గాని, తరువాతి కాలంలో తారు పూసిన పట్టా గాని కప్పిన గుండ్రని తేలిక పడవ; దీనికే అరిగోలు అనీ పేరు. సముద్రపు అలలపై నడిపే కయాక్ అనే పడవను తరచు గాజునారకో కార్బన్ నారకో రెసిన్ పట్టించి తయారుచేస్తారు; రెండు పదార్థాల కూర్పుతో తేలికదనాన్నీ బిగువునూ సాధించే ఆ సూత్రం, సముద్రమే లేకున్నా పుట్టి నడిచే కర్నూలు సీమకు కొత్తది కాదనవచ్చు. పోలిక అంతవరకే: కయాక్ పొడవుగా మొనదేలి అలను కోసుకుపోతుంది గాని, మొన లేని పుట్టి తెడ్డు పక్కకు పడితే తన చుట్టూ తానే తిరుగుతుంది, అందుకే నడిపేవాడు తెడ్డును ముందుకు వేసి నీటిని తనవైపు లాగుతాడు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, 15–20 మందిని మోసే ఇలాంటి తోలు పడవలను వర్ణిస్తూ, అవి తిన్నగా పోలేక ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయని రాశాడు. విజయనగరం పక్కన పారే తుంగభద్ర నదే దిగువన కర్నూలును ఒరుసుకుంటూ పోయి కృష్ణలో కలుస్తుంది. రాళ్లు తేలిన లోతులేని నీటిలో, అడుగు చదునైన పుట్టికి సాటి వచ్చే పడవ లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించే కడప సీమలోని పెన్నా నదిలో దీనికి పని తక్కువ. శ్రీశైలం జలాశయంలో మాత్రం చేపలు పట్టేవారు నేటికీ పుట్టినే వాడుతున్నారు.