ఒంటరి నక్షత్రము

1853వ సంవత్సరమున అమెరికాలోని ఆల్బనీ నగరమున బాప్టిస్టు మిషనరీ సంఘమువారు సమావేశమై, నెల్లూరిలోని తమ తెలుగు మిషనును నిలుపుటయా, మూసివేయుటయా అని చర్చించిరి. ఆ ప్రశ్న నిష్కారణముగ పుట్టినది కాదు. శామ్యూల్ డే అను ఆయన 1836లో తెలుగుదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరెను. అన్నియేండ్ల శ్రమకు దక్కిన విశ్వాసులు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది. అదే కాలమున బర్మాలో, కరెనుల నడుమ, అదే సంఘమువారి పని నానాటికి వృద్ధినొందుచుండెను. పటములో బర్మావైపు చుక్కలు గుంపుగా నుండగా, సముద్రమునకీవల నెల్లూరు చుక్క ఒక్కటియే కనబడెను. సభలో ఒకరు దానిని ఒంటరి నక్షత్రమనిరి. శామ్యూల్ స్మిత్ అను ఆయన ఆ మాటనే పల్లవిగా గైకొని పద్యములు వ్రాసెను. అవి సభ్యుల హృదయములను కదల్చినవి; మిషను నిలిచెను. కాని సభలో కదలిన హృదయములు ఇండ్లకు పోయి చల్లబడుట లోకసహజము. నెల్లూరిలో నున్నవారికి మరునాడును ఎండయే, ఏకాంతమే.

ఆ నెల్లూరివారు ఏమి చేసిరి? 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలు పట్టణమున నున్న కొండనెక్కిరి. లైమన్ జూయెట్, ఆయన భార్య, నర్సు అను బోధకుడు, జూలియా, రూతు అను ఇద్దరు స్త్రీలు. చరిత్ర చెప్పువారు జూయెట్ పేరు తప్పక చెప్పుదురు. తక్కినవారిని ఒక్క వాక్యములో ముగింతురు. నాకది న్యాయముగ తోచదు. జూయెట్‌కు అవసరమైన తిరిగిపోవుటకు ఒక దేశము కలదు. ఈ తెలుగువారికి బంధువులను, ఊరిని కాదనుకొనిన పిమ్మట ఆ చిన్నసంఘమే ఊరు. ఐదుగురును ఒకరి తరువాత నొకరు ప్రార్థించిరి. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని దేవుని వేడిరి.

ఎవ్వరును రాలేదు. సంవత్సరము గడచెను, ఐదు గడచెను. 1857లో ఉత్తరదేశమున సిపాయిల తిరుగుబాటు చెలరేగెను. 1861లో అమెరికాలోనే అంతర్యుద్ధము మొదలాయెను. 1862లో మిషనును మూసివేయు ప్రస్తావన మరల వచ్చెను. స్వదేశమున నుండిన జూయెట్ లొంగలేదు. ఎవరు పంపినను పంపకున్నను తాను తిరిగిపోయి తెలుగువారి నడుమనే బ్రదుకుదుననెను. 1865లో ఆయనతో కూడ జాన్ క్లౌ అను యువకుడు వచ్చెను. పూర్వము సర్వేయరుగా పనిచేసి, భూమిని కొలుచుట నేర్చిన మనిషి. ఆ విద్య ఎట్లుపయోగపడినదో ముందు చూతము. 1866లో క్లౌ ఒంగోలులో స్థిరపడెను. కొండమీది ప్రార్థనకును ఆయన రాకకును నడుమ పండ్రెండేండ్లు.

అంతకుముందే మాదిగ కులస్థుడైన ఎర్రగుంట్ల పేరయ్య మార్గమును వెదకుచుండెను. తోళ్ళ వ్యాపారము చేయుచు, యోగ గురువుల నాశ్రయించి, ధ్యానము నభ్యసించిన జిజ్ఞాసువు ఆయన. 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడెను. పేరయ్య వెంట ఆయన బంధువర్గము, చుట్టుప్రక్కల పల్లెల మాదిగలు కదలివచ్చిరి.

వచ్చినవారికి సుఖము కలుగలేదు. ఆదివారము పని మానవలెను, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహపూజ చేయరాదు. ఈ నియమములు వినుటకు స్వల్పముగ నుండును. జాతరలో డప్పు కొట్టుట మాదిగల విధియని తలచు గ్రామములో అవి తిరుగుబాటుతో సమానము. పెక్కు పల్లెలలో వారికి పనులు నిలిచెను, నీళ్ళకు ఆటంకము కలిగెను, గ్రామాధికారుల ఆగ్రహము తప్పలేదు. ఆనాటి కూలివానికి పని నిలుచుటయనగా ఆ సాయంకాలమునకు గింజలు లేకుండుట.

ఇట్టివారిమీద 1876లో మహాకరవు విరుచుకొనిపడెను. వర్షములు తప్పెను, మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనులు ఆకలిచేతను, వెనువెంట వచ్చిన కలరాచేతను నశించిరి. దేవుడు నమ్మదగినవాడని ప్రకటించినవారు ఈ దృశ్యమునెదుట ఏమని చెప్పగలరు? విలాపవాక్యముల గ్రంథములో దేవుని విశ్వాస్యతను గూర్చిన మాటలు కూడ యెరూషలేము కూలిన పిమ్మట, ఆకలిచావుల నడుమ పలికినవే. అవి సుఖముగా నున్నవారి సూక్తులు కావు. అయినను మరణించినవారిని తలచుకొనునపుడు ఈ ప్రశ్నకు సులభమైన సమాధానము నేనెరుగను, చెప్పువారిని నమ్మను.

క్లౌ చేసినది రెండు పనులు. కరవు పనులలో భాగముగా ప్రభుత్వమువారు కోస్తా తీరము వెంట బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండిరి. అచ్చట పై కులములకు చెందిన మేస్త్రీల చేతిలో మాదిగలు పడు బాధలు విని, ఆయన మూడున్నర మైళ్ళ త్రవ్వకమును తానే కంట్రాక్టు తీసికొనెను. సర్వేయరు విద్య ఇచ్చట అక్కరకు వచ్చినది. బోధకులను కావలివారుగ నియమించెను. మధ్యాహ్నపు విరామములో మట్టితట్టలు ప్రక్కనబెట్టి కూర్చున్న కూలీలకు వారు, భారము మోయువారిని తనయొద్దకు రమ్మని పిలిచిన క్రీస్తును గూర్చి చెప్పెడివారు.

రెండవది కఠినమైనది. వేలమంది బాప్తిస్మము కోరుచుండగా, క్లౌ పదునైదు మాసములు ఒక్కరికిని ఇయ్యలేదు. కూటికొరకు చేరిరను నింద వారిపై పడరాదనియు, అది నిజము కూడ కావచ్చుననియు ఆయన శంకించెను. అనేక వత్సరములు ఫలముకొరకు నిరీక్షించిన మిషను, ఫలము చేతికందిన తరుణమున చేయి చాపకుండుట ఎంత కష్టమో ఆలోచింపుడు. దేవుడు నిజముగ పిలిచినవారిని కరవు తీరిన పిదపను దేవుడే నిలుపునను నమ్మిక లేనివాడు ఇట్లు ఆగలేడు. అయితే వేచియుండిన ఆ మాసములలో కొందరు బాప్తిస్మము లేకయే కన్నుమూసియుందురు. ఈ నిర్ణయమునకు అట్టి మూల్యమును కలదు.

1878లో కరవు సహాయము ముగిసెను. ఇక ధనము లేదని బోధకులు ప్రకటించిరి. అయినను జనులు వచ్చిరి. ఒంగోలుకు ఉత్తరమున పది మైళ్ళ దూరములో, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద గుమిగూడిరి. బోధకులు పల్లెవారీగా ఒక్కొక్కరిని ప్రశ్నించి, పేర్లు వ్రాసికొనిరి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందిరి. నడిమి దినమున తెల్లవారినది మొదలు, మధ్యాహ్నము కొంత విశ్రాంతి తప్ప, ప్రొద్దుగూకువరకు పని సాగెను. ఆ దినమున క్లౌ ఒక్కరికైనను బాప్తిస్మమియ్యలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు నదిలో నిలిచిరి. గట్టుమీద ఒకరు పేరు చదువుచుండగా, పిలువబడినవారు నీటిలోనికి దిగుచుండిరి.