బుకారెస్టు శిశుగృహములు

1966లో రుమేనియా పాలకుడు చౌషెస్కు, జనసంఖ్య పెరిగిననే గాని దేశసంపద పెరుగదని తలచి 770వ శాసనముచే గర్భస్రావమును నిషేధించినప్పుడు, పోషింపలేని తల్లిదండ్రులకు ప్రభుత్వ శిశుగృహములే దిక్కయ్యెను. 1989లో ఆ ప్రభుత్వము కూలునాటికి లక్షకు పైగా పిల్లలు వానియందుండిరి. పాలసీసాయు పక్కయు దొరకిన శిశువునకు సైతము, ఏడ్చినప్పు డెత్తుకొను చేయి దొరకుట యరుదు.

2000 సంవత్సరమున చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అను అమెరికా శాస్త్రజ్ఞులు బుకారెస్టు శిశుగృహములనుండి 136 మంది పసివారి నెంచుకొని, చీట్లు వేసి, సగముమందిని పెంపుడు కుటుంబముల కప్పగించిరి. గృహములందే యున్నవారి మస్తిష్కమున విద్యుత్తరంగములు క్షీణించియుండగా, రెండేండ్లు నిండకమున్నే కుటుంబము చేరిన బిడ్డల తరంగములు, ఎనిమిదవ యేట పరీక్షింపగా, కన్నవారి యింట పెరిగినవారి తరంగములను పోలియుండెను. ఆలస్యముగ చేరినవారి కా భాగ్యము లేకపోయెను.

మరి చీటి పడని 68 మంది మాటయేమి? నాటి బుకారెస్టున పెంపుడు కుటుంబము లించుమించు లేవనియు, ఏ బిడ్డనైనను ఎప్పుడైనను గృహమునుండి తరలించు స్వేచ్ఛ ప్రభుత్వమునకు కలదనియు శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానము న్యాయమైనదే. ఆ పరిశోధనయే లేకున్న తక్కిన సగమునకును కుటుంబము దక్కెడిది కాదు. అయినను, పసితనపు గడువు కరగిపోవుచుండగా ఆ శిశువులను కొలుచుచు కూర్చుండుట యెంత కఠినమైన కార్యమో తలచిన నా మనసు కలత చెందును.

2004లో రుమేనియా, రెండేండ్లలోపు బిడ్డలను శిశుగృహములందు చేర్చరాదని శాసించెను. తీవ్రవైకల్యముగల పసివారికి మాత్ర మా రక్షణ వర్తింపలేదు.