తొట్టి బండి, పందెపు కారు

హెన్రీ ఫోర్డు 1908లో విడుదల చేసిన ‘మోడల్ టి’ మోటారు కారు ఇంజను శక్తి 20 అశ్వశక్తులు మాత్రమే. నేటి మోటారు సైకిళ్ళలో అంతకు మించిన ఇంజన్లు ఎన్నో ఉన్నవి. అయినా ఆ కారు అమెరికా పల్లెటూళ్ళలోనికి చొచ్చుకొని పోయింది. కొన్నవారందరూ దానిని కొన్న రూపంలోనే ఉంచుకోలేదు. రైతులు వెనుక భాగాన్ని తీసివేసి, అక్కడ చెక్క తొట్టి కట్టించి, పాల డబ్బాలూ ధాన్యపు బస్తాలూ వేసుకున్నారు. పట్టణాలలోని యువకులు పైకప్పు, తలుపులు, చక్రాల పై రేకులు ఊడదీసి అదే కారును పందేలకు సిద్ధం చేశారు. లూయీ షెవ్రొలే, ఆర్థర్ షెవ్రొలే అనే సోదరులు ‘ఫ్రాంటినాక్’ అనే పేరుతో ఆ ఇంజనుకు కొత్త సిలిండరు మూతలు తయారుచేసి అమ్మేవారు. వాటిని బిగిస్తే ఆ ఇంజనే మరింత శక్తినిచ్చేది. ఈ విధంగా ఒకే చట్రం ఒక ఇంట బరువులు మోసే బండి, మరొక ఇంట పరుగులు తీసే బండి అయింది.

మొదటి దానికి ‘పికప్పు’ అని పేరు వచ్చింది. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే గది, వెనుక కప్పులేని తొట్టి, ఇదే పికప్పు. ఫోర్డు కంపెనీ 1925 ఏప్రిల్‌లో తొట్టిని తానే ఉక్కు రేకుతో కర్మాగారంలో అమర్చి అమ్మనారంభించింది. ధర 281 డాలర్లు. తొట్టి పొడవు 4 అడుగుల 8 అంగుళాలు. ఆ ఏడాదిలోనే 33 వేలకు పైగా అమ్ముడుపోయినవి.

ఈ రెండు జాతుల బండ్లలో ఏది మేలు అనే వాదం నాటినుండి నడుస్తూనే ఉన్నది. ఆ వాదాన్ని తేల్చుకోవడానికి అశ్వశక్తులు లెక్కించడం చాలదు. ముందుగా బరువు ఎక్కడ పడుతున్నదో చూడవలెను.

ఎడ్లబండి తోలేవారికి ఈ సంగతి కొత్త కాదు. బస్తాలు ముందుకు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలను నొక్కుతుంది. వెనుకకు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. అందుచేత బరువు ఇరుసుకు ఇటూ అటూ సరిపడేటట్లు సర్దుతారు. పికప్పులో ఇంజనూ మనుషులూ ముందు ఉంటారు, వెనుక ఉండేది ఖాళీ తొట్టి. కాబట్టి సరుకు లేనప్పుడు బండి బరువులో సగానికి మించి ముందు చక్రాల మీదనే పడుతుంది. సరుకు నింపగానే భారం వెనుక ఇరుసు మీదికి మారుతుంది. 1,500 కిలోగ్రాముల బండి 2,200 కిలోగ్రాములది కావచ్చును. చిన్న పందెపు కారులో ఇంత మార్పు రాదు. ఎక్కేవారు ఇద్దరే, 1,000 కిలోగ్రాముల కారు మహా అయితే 1,150 అవుతుంది.

స్ప్రింగుల విషయంలో చిక్కు ఇక్కడనే ఉన్నది. పందెపు కారు స్ప్రింగులను ఒకే బరువుకు సరిపోయేటట్లు చేయవచ్చును. పికప్పు స్ప్రింగు రెండు బరువులకు పనికిరావలెను. నిండు బరువుకు కుంగిపోకుండా వెనుక ఇరుసు మీద గట్టి కమాను కట్టలు వేస్తారు. సరుకు దింపిన తరువాత అవే కట్టలు వంగడానికి తగిన భారం లేక, గతుకు తగిలినప్పుడల్లా వెనుక చక్రాలను నేలనుండి ఎగరవేస్తాయి. ఎగిరిన చక్రానికి నేలమీద పట్టు ఉండదు. ఖాళీ పికప్పు తడి రోడ్డు మలుపులో వెనుక జారడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ రెండు బండ్లనూ ఒకటి చేయాలనే కోరిక మాత్రం పాతది. 1930 తరువాతి తొలి సంవత్సరాలలో ఆస్ట్రేలియాలోని గిప్స్‌లాండు ప్రాంతంనుండి ఒక రైతు భార్య ఫోర్డు కంపెనీకి ఉత్తరం వ్రాసిందని చెబుతారు. ఆదివారం చర్చికి పోవడానికీ, సోమవారం పందులను సంతకు తోలుకొని పోవడానికీ పనికివచ్చే బండి ఒకటి కావాలని ఆమె కోరిక. రెండు బండ్లు కొనే స్తోమతు లేని ఇంటివారి కోరిక అది. జీలాంగు కర్మాగారంలోని లూయీ బాంట్ అనే యువ ఇంజనీరు కారు గదినీ తొట్టి పక్కలనూ ఒకే శరీరంగా కలిపి గీసిన నమూనా 1934లో బండిగా వెలువడింది. ఆస్ట్రేలియావారు దానిని ‘యూట్’ అన్నారు. అమెరికాలో ఇదే పద్ధతి చాలా ఆలస్యంగా, 1957లో ఫోర్డు ‘రాంచెరో’గా, 1959లో షెవ్రొలే ‘ఎల్ కమీనో’గా వచ్చింది. ఎల్ కమీనోకు 1970లో 450 అశ్వశక్తుల ఇంజను కూడా దొరికేది. అంతటి ఇంజను ముందు, ఖాళీ తొట్టి వెనుక! యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే టైర్లు అక్కడనే తిరిగి పొగలు రావడంలో వింత లేదు.

ఇక పికప్పులలో వాటికవే ఉన్న తేడాలు. అమెరికాలో వీటిని అర టన్ను, ముప్పాతిక టన్ను, ఒక టన్ను అని మోసే శక్తిని బట్టి పిలిచేవారు. 1948లో వచ్చిన ఫోర్డు ఎఫ్-1, ఎఫ్-2, ఎఫ్-3 బండ్లు ఈ వరుసలోనివే. కాలక్రమాన పేర్లు మిగిలి అర్థం మారిపోయింది. నేడు అర టన్ను తరగతి అనిపించుకొనే బండ్లలో టన్నుకు పైగా మోసేవి ఉన్నవి. ఇతర దేశాలలో చిన్న ఇంజనుతో ఎక్కువ మోసే జాతి పెరిగింది. 1968లో 1.5 లీటర్ల ఇంజనుతో వచ్చిన జపాను ‘హైలక్స్’ దానికి మంచి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారంనుండి వచ్చిన పికప్పులూ ఈ కోవలోనివే.

అమెరికా పికప్పు ఆకారాన్ని ఇంజనీర్లే కాదు, సుంకాలూ చట్టాలూ కూడా తీర్చిదిద్దినవి. ఐరోపా దేశాలు అమెరికా కోళ్ళ మాంసం మీద పన్ను పెంచగా, అమెరికా 1963 డిసెంబరులో ఎదురు సుంకాలు ప్రకటించింది. తేలిక లారీల మీద 25 శాతం వాటిలో ఒకటి. కోళ్ళ తగాదా సమసిపోయినా లారీల సుంకం దశాబ్దాల తరబడి నిలిచింది. విదేశీ పందెపు కార్లకు ఈ గోడ లేదు. చిన్న విదేశీ పికప్పులకే ఉన్నది. 1978 నమూనాగా వచ్చిన జపాను ‘సుబారు బ్రాట్’ తొట్టిలో వెనుకకు తిరిగిన రెండు ప్లాస్టిక్ కుర్చీలు బిగించి, ఇది లారీ కాదు, ప్రయాణీకుల కారు అనిపించుకొని సుంకం తప్పించుకున్నది!

పొగ చట్టం కథ ఇంకా చిత్రమైనది. 1975 నుండి కార్ల పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరక పాత్రలు సాధారణమైనవి. సరుకుతో కలిపి 6,000 పౌన్లు (సుమారు 2,720 కిలోగ్రాములు) దాటడానికి అనుమతి ఉన్న పికప్పులకు ఆ నిర్బంధం లేదు. ఫోర్డు ఎఫ్-150 ఆ ఏడు ఆ హద్దుకు కొంచెం పైన ఉండేటట్లే పుట్టింది. 1978లో డాడ్జి కంపెనీ ‘లిల్ రెడ్ ఎక్స్‌ప్రెస్’ అనే ఎర్ర పికప్పు తెచ్చింది. 5.9 లీటర్ల ఇంజను, 225 అశ్వశక్తులు, గది వెనుక నిలువుగా లేచిన రెండు పొగ గొట్టాలు. అదే ఏటి ‘కార్వెట్’ పందెపు కారులో మామూలు ఇంజను 185 అశ్వశక్తులది. గంటకు 100 మైళ్ళ వేగం అందుకోవడంలో ఈ పికప్పు ఒక మోటారు పత్రిక పరీక్షలో నాటి అమెరికా కార్లన్నింటినీ మించింది. ఇందులో ఇంజనీర్ల గొప్ప కొంత, చట్టంలోని సందు కొంత. 1979లో హద్దును 8,500 పౌన్లకు పెంచగానే దీనికీ ఉత్ప్రేరక పాత్ర తప్పలేదు.

అసలైన పరీక్ష 1991లో జరిగింది. జి.ఎం.సి. కంపెనీ ఆ ఏడు ‘సైక్లోన్’ అనే చిన్న పికప్పును మూడు వేలకు కొంచెం తక్కువగా తయారుచేసింది. 4.3 లీటర్ల ఇంజనుకు టర్బో పంకా తగిలించి 280 అశ్వశక్తులు రాబట్టారు. ‘కార్ అండ్ డ్రైవర్’ పత్రిక దీనిని ఇటలీ దేశపు ఫెరారీ 348తో పావు మైలు పరుగుకు నిలిపింది. ఫెరారీకి 300 అశ్వశక్తులు, బరువు కూడా తక్కువ, ధర నాలుగు రెట్లకు పైన. అయినా పికప్పే ముందుగా గీత దాటింది.

కారణం ఘర్షణలో ఉన్నది. చక్రం నేలను ఎంత బలంగా వెనుకకు నెట్టగలదనేది ఆ చక్రం మీద పడే బరువును ఘర్షణ గుణకంతో గుణిస్తే వస్తుంది. సైక్లోన్ బరువు సుమారు 1,600 కిలోగ్రాములు. మామూలు పికప్పువలె వెనుక చక్రాలే నడిపితే, వాటి మీద ఉండేది 700 లోపే. బయలుదేరేటప్పుడు కొంత భారం వెనుకకు జరుగుతుంది గాని అది చాలదు. సైక్లోన్‌లో నాలుగు చక్రాలనూ ఇంజను నడిపింది. 1,600 కిలోగ్రాములూ పట్టుకు పనికివచ్చినవి. ఫెరారీ ఇంజను వెనుక ఇరుసు దగ్గరనే ఉన్నా నడిచేవి రెండు చక్రాలే. అయితే ఈ గెలుపు మొదటి కొద్ది సెకన్లది. రోడ్డు ఇంకా పొడవుగా ఉంటే ఫెరారీ దాటిపోయేది. దాని గరిష్ఠవేగం చాలా హెచ్చు.

ఆ పికప్పు చెల్లించిన మూల్యం కూడా చూడవలెను. నేలకు దగ్గరగా దించి, మెత్తని స్ప్రింగులు వేసినందున అది మోయగల బరువు 500 పౌన్లు, అంటే 227 కిలోగ్రాములు. నాలుగు బస్తాల బియ్యం వేసి పక్కన ఒక మనిషి కూర్చుంటే హద్దు దాటినట్లే. సంతకు పందులను తోలుకొని పోయే బండి కాదది.

ఒకే ఇంజనును రెండు శరీరాలలో పెట్టి చూసే అవకాశం 2004లో వచ్చింది. డాడ్జి కంపెనీ తన ‘వైపర్’ పందెపు కారులోని 8.3 లీటర్ల, 500 అశ్వశక్తుల ఇంజనునే ‘రామ్’ పికప్పులో పెట్టింది. కారు బరువు సుమారు 1,540 కిలోగ్రాములు, పికప్పుది సుమారు 2,330. పికప్పు గంటకు 248.8 కిలోమీటర్ల వేగంతో రికార్డు నెలకొల్పింది. కారు వేగం సుమారు 305. హెచ్చు వేగంలో ఇంజను శక్తి ముఖ్యంగా గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది, ఆ ఖర్చు వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 305ను 249తో భాగించి ఘనం చేస్తే 1.8 వస్తుంది. అంటే స్థూలంగా పికప్పుకు గాలి ఇచ్చే అడ్డు కారుకంటె 1.8 రెట్లు. తొట్టి వెనుక పలకను దించితే గాలి సులభంగా పోతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పలక మూసి ఉంటే తొట్టిలో ఒక సుడి నిలిచి, పై గాలి దాని మీదుగా జారిపోతుంది. దించితే ఆ సుడి చెదరిపోతుంది.

మలుపులలో లెక్క వేరు. రెండు చక్రాల మధ్య వెడల్పును, గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే బండి బోల్తాపడకుండా నిలిచే గుణం తెలుస్తుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్కల ప్రకారం కార్లలో చాలావాటికి ఇది 1.3 నుండి 1.5 వరకు, పికప్పుల వంటి ఎత్తైన బండ్లకు 1.0 నుండి 1.3 వరకు ఉంటుంది. ఇంజను శక్తి ఎంత పెంచినా ఈ అంకె మారదు.

2021లో విద్యుత్తుతో నడిచే ‘రివియన్’ పికప్పు వచ్చేసరికి పాత చిక్కులు కొన్ని వీడినవి. నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు, 800 పైగా అశ్వశక్తులు. నిలిచి ఉన్న స్థితినుండి 96 కిలోమీటర్ల వేగానికి సుమారు 3 సెకన్లు. బ్యాటరీ నేలపలక క్రింద ఉండటంచేత గురుత్వ కేంద్రం దిగింది. సుమారు 800 కిలోగ్రాముల సరుకు కూడా మోస్తుంది. సైక్లోన్ చెల్లించిన మూల్యం దీనికి లేదు. కాని బండి బరువు దాదాపు 3,200 కిలోగ్రాములకు చేరింది. 1989లో వచ్చిన మాజ్దా ‘మియాటా’ వంటి చిన్న పందెపు కారు బరువు సుమారు 1,000 కిలోగ్రాములే.

ఈ తేడా పందెంలో కంటె రోడ్డు మీద ముఖ్యం. 2,300 కిలోగ్రాముల పికప్పు, 1,000 కిలోగ్రాముల కారు, రెండూ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొని అతుక్కొని పోయినవనుకుందాము. ద్రవ్యవేగ నిత్యత్వాన్ని బట్టి అవి పికప్పు వచ్చిన దిశలోనే సుమారు 24 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. పికప్పులోనివారి వేగంలో మార్పు 36, కారులోనివారి వేగంలో మార్పు 84. గాయం తీవ్రత ముఖ్యంగా ఈ మార్పును బట్టే ఉంటుంది. పైగా పికప్పు చట్రం ఎత్తుగా ఉండి కారు బంపరు మీదుగా దూసుకొని వస్తుంది. ఈ కారణంచేత 2003 డిసెంబరులో అమెరికాలోని కార్ల కంపెనీలు పికప్పుల ముందు చట్రాన్ని కార్ల బంపర్ల ఎత్తుకు దించడానికి తమలో తాము ఒప్పందం చేసుకొని, 2009 సెప్టెంబరును గడువుగా పెట్టుకున్నవి.

విద్యార్థులు పై లెక్కను 2,300కు బదులు 3,200తో చేసి చూడవచ్చును. చిన్న కారులోనివారి వేగంలో మార్పు 91 కిలోమీటర్లు, పికప్పులోనివారికి 29 అని తేలుతుంది.