వాన పడేదాకా

పుష్య శుద్ధ అష్టమి నుంచి పౌర్ణమి వరకు శాకంభరీ నవరాత్రులు. పేరుకు నవరాత్రులే గాని, తిథులు లెక్కపెడితే ఎనిమిదే వస్తాయి. సంక్రాంతి హడావుడిలో ఉంటాం కాబట్టి మనవైపు వీటిని పెద్దగా పట్టించుకోం. ఉత్తర కర్ణాటకలో అలా కాదు. బాదామికి ఐదు కిలోమీటర్ల దూరంలో, చొళచగుడ్డ దగ్గరున్న బనశంకరి గుడికి ఏడాది మొత్తంలో ఇదే పెద్ద పండగ. బనశంకరి అంటే వనశంకరి, అడవి తల్లి. ఆమెకే శాకంభరి అని ఇంకో పేరు. చాళుక్యులు కొలిచిన దేవత. ఇప్పుడు కనిపించే గుడి మాత్రం 1750లో పరశురామ అగళె అనే మరాఠా నాయకుడు కట్టించింది. పౌర్ణమినాడు రథం లాగుతారు. అంతకుముందు 'పల్యద హబ్బ', అంటే కూరల పండగ. నూట ఎనిమిది రకాల కూరలు వండి నైవేద్యం పెడతారు.

ఈ కూరల వెనకున్న కథ కడుపు నిండినవాళ్ల కథ కాదు. దేవీ మాహాత్మ్యం పదకొండో అధ్యాయంలో అమ్మవారు దేవతలకు ఒక మాట ఇస్తుంది. నూరేళ్లు వానలు లేక భూమి ఎండిపోయినప్పుడు మళ్లీ వస్తాను, నా ఒంటి నుంచి పుట్టిన శాకాలతో లోకాన్ని పోషిస్తాను, వాన పడేదాకా, అంటుంది. గమనించండి, ఇదంతా భవిష్యత్ కాలంలో ఉంది. ఎప్పుడో జరిగిన కరువు గురించి కాదు, రాబోయే కరువు గురించిన హామీ. దేవీ భాగవతానికి వచ్చేసరికి ఇదే జరిగిపోయిన కథ అయింది. దుర్గముడు వేదాలు చేజిక్కించుకోవడం, యజ్ఞాలు ఆగిపోవడం, వానలు పోవడం, అమ్మవారు తొమ్మిది రాత్రులు ఏడవడం, అన్నీ వచ్చి చేరాయి. దుర్గముణ్ణి చంపింది కాబట్టి దుర్గ అయింది. 1396లో మొదలై పన్నెండేళ్లు సాగిందని చెప్పే దక్కను కరువుని 'దుర్గాదేవి కరువు' అనడం కూడా ఇక్కడ గుర్తుకొస్తుంది.

ఇంకో సంగతి. ఆమె ఇచ్చింది అన్నం కాదు. గరిటె పట్టుకుని అన్నం పెట్టేది కాశీ అన్నపూర్ణ. శాకంభరి ఇచ్చింది ఆకులు, దుంపలు, పళ్లు. పాతవాళ్లు శాకం పది రకాలు అన్నారు. అందులో వేరూ చిగురూ సరే, బెరడు కూడా ఉంది! బెరడు కూర లెక్కలోకి రావాలంటే ఆ జాబితా వెనక ఎలాంటి రోజులు ఉండాలి? పంట పోయాక, గాదె ఖాళీ అయ్యాక జనాన్ని బతికించేవి ఎవరూ విత్తని ఆకులూ అలములే. అందుకే ఈమె పొలం దేవత కాదు, అడవి దేవత అని నాకనిపిస్తుంది.

ఆ హామీకి పెద్ద పరీక్ష 1876లో వచ్చింది. మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకునేది అదే. బాదామి అప్పుడు బొంబాయి ప్రెసిడెన్సీ కలాద్గి జిల్లాలో ఉండేది. బళ్లారి, కర్నూలు, కడప మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అన్నీ ఎండిపోయాయి. 1877లో రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ఆడవాళ్లకీ పిల్లలకీ ఇంకా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం ఉండాలి, దానితోపాటు కూరగాయలు, మాంసకృత్తులు కూడా ఉండాలని వాదించాడు. చివరికి మద్రాసు ప్రభుత్వం ఒకటింపావు పౌనుకి పెంచి, కాస్త పప్పు కలిపింది. కూరగాయల మాట అక్కడితో పోయింది. దేశం నుంచి ధాన్యం ఎగుమతి మాత్రం ఆగలేదు. ఆ కరువులో పోయినవాళ్లు యాభై ఆరు లక్షల నుంచి తొంభై ఆరు లక్షల దాకా ఉంటారని అంచనాలు.

కార్నిష్‌కి శాకంభరి కథ తెలుసని నేను అనడం లేదు. కానీ ఆ వాదనలో అతను అడిగినదీ, ఆ శ్లోకాల్లో ఉన్నదీ ఒకటే. బతికించే తిండి, వాన పడేదాకా. గడువు వానది. ఖజానాది కాదు.

మన తెలుగు గుళ్లలో శాకంభరి అలంకారం ఆషాఢంలో జరుగుతుంది. విజయవాడ దుర్గమ్మనీ, వరంగల్ భద్రకాళినీ వంకాయలతో, బెండకాయలతో, ఆకుకూరలతో అలంకరిస్తారు. బెజవాడలో ఆ కూరలతోనే కదంబం వండి ప్రసాదంగా పెడతారు. ఆషాఢం అంటే రైతు మబ్బుల వైపు చూసే నెల, అడిగే నెల. పుష్యం పంట ఇంటికొచ్చిన నెల, కూరలు విరగకాసే కాలం. కథ ప్రకారం చూస్తే మన ఆషాఢమే సరైన సమయం అనిపించవచ్చు. నాకు మాత్రం బాదామి వాళ్ల లెక్క నచ్చింది. ఆకలి ఉన్నప్పుడు కరువుని ఎవరైనా తలుచుకుంటారు. నూట ఎనిమిది కూరలు వండగలిగిన రోజున కూడా దాన్ని తలుచుకోవడానికి పంచాంగంలో ఒక పౌర్ణమి కావాల్సి వచ్చింది.