వేట సంఘం నుంచి సంరక్షణ సంఘం దాకా: నీలగిరులలో సభ్యత్వం, చట్టం, వన్యప్రాణి (1877–2023)

వ్యాససంగ్రహం

పశ్చిమ కనుమల ఎగువ ప్రాంతాలలో వన్యప్రాణి సంరక్షణ ప్రభుత్వ శాఖలతో మొదలు కాలేదు. వేటగాళ్లు, తోటల యజమానులు, సైనికాధికారులు కలిసి ఏర్పరచుకున్న స్వచ్ఛంద సంఘాలతో మొదలైంది. నీలగిరులలో 1877లో ఏర్పడిన సంఘమూ, మున్నారు ప్రాంతంలో 1928లో రూపుదిద్దుకున్న సంఘమూ ఇందుకు ప్రధాన ఉదాహరణలు. ఈ సంఘాలలో ఎవరు చేరారు, ఎవరు చేరలేకపోయారు, చేరడానికి ఏ కాలంలో ఏ అర్థం ఉండేది అనే ప్రశ్నల ద్వారా నీలగిరి తహర్ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తుపాకికి హద్దు విధించి ఈ సంఘాలు జంతువును కాపాడాయనీ, అదే దృష్టి కారణంగా కొండమీది మనుషులనూ, పచ్చికనూ చాలాకాలం గుర్తించలేకపోయాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నీలగిరి తహర్, వేట సంఘం, మద్రాసు ప్రెసిడెన్సీ, సభ్యత్వం, ఎరవికులం, రంప, షోలా అడవులు.

1. ఉపోద్ఘాతం

నీలగిరి తహర్ పశ్చిమ కనుమలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా స్వేచ్ఛగా జీవించని కొండమేక జాతి జంతువు. తమిళులు దీనిని ‘వరైయాడు’ అంటారు. కొండచరియల మేక అని దాని అర్థం. ఆంగ్లేయ వేటగాళ్లు దీనిని ‘నీలగిరి ఐబెక్స్’ అన్నారు. ఐబెక్స్‌తో దీనికి దగ్గరి సంబంధం లేకున్నా ఆ పేరు వేట గ్రంథాలలోనూ, చివరకు చట్టంలోనూ నిలిచిపోయింది. వయసు మళ్లిన మగజంతువు వీపుమీద జీను పరచినట్లు వెలిసిన రంగు కనిపిస్తుంది. అందువల్ల దానికి ‘శాడిల్‌బ్యాక్’ అనే పేరు వచ్చింది. వేటగాళ్లు కోరుకున్నది ఆ జంతువు తలనే.

భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చరిత్ర రాసేవారు సాధారణంగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని మలుపుగా చూపుతారు. అది సమంజసమే. అయితే ఆ చట్టానికి 93 ఏళ్ల ముందే ఒక జిల్లాకు పరిమితమైన వేట నియంత్రణ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చింది. దాని వెనుక ఒక సంఘం ఉంది. ఆ సంఘాన్ని కేవలం వలస పాలకుల వినోద కేంద్రంగా తీసిపారేయడం గానీ, ఆధునిక పర్యావరణ స్పృహకు మూలమని కీర్తించడం గానీ చరిత్రకు న్యాయం చేయదు.

2. సంఘం, చట్టం

కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివాన్ 1819 తరువాత నీలగిరులలో స్థిరనివాసానికి బాట వేశాడు. ఉదకమండలం అనతికాలంలోనే సైనికుల ఆరోగ్య విడిదిగా, ప్రెసిడెన్సీ ప్రభుత్వానికి వేసవి స్థావరంగా మారింది. ఆ వెంట కాఫీ, తేయాకు, సింకోనా తోటలు వచ్చాయి. తుపాకులూ పెరిగాయి. రెండు తరాలలోనే వేట జంతువులు తగ్గిపోయాయన్న ఫిర్యాదు మొదలైంది. ‘హాక్‌ఐ’ అనే కలంపేరుతో రాసిన సైనికాధికారి రచనలు ఆ ఫిర్యాదుకు ప్రచారం కల్పించాయి. అవి 1876లో పుస్తకంగా వెలువడ్డాయి.

మరుసటి ఏడాది నీలగిరి గేమ్ అండ్ ఫిష్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ ఏర్పడింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1883లోనూ, సామ్రాజ్య వన్యజీవుల రక్షణకు లండన్‌లో పెట్టిన సంఘం 1903లోనూ వచ్చాయి. ఈ క్రమంలో చూస్తే నీలగిరి సంఘం ప్రాచీనత స్పష్టమవుతుంది. రెండేళ్లలో మద్రాసు ప్రభుత్వం 1879 సంవత్సరపు 2వ చట్టంగా నీలగిరి వేటజంతువుల, చేపల పరిరక్షణ చట్టాన్ని తెచ్చింది. అడవిదున్న, కణుజు, ‘ఐబెక్స్’, జింకలు, కుందేలు, నెమలి, అడవికోడి, కౌజు, పూరేడు వంటివి ఈ చట్టం కింద ‘గేమ్’ అయ్యాయి. వేట నిషిద్ధ కాలాలు, లైసెన్సులు, జరిమానాలు అమలులోకి వచ్చాయి.

‘గేమ్’ అన్న మాటకు తెలుగులో సరైన సమానార్థకం దొరకదు. అది ఒక జంతువు పేరు కాదు. వేటాడదగినదన్న గౌరవం పొందిన జంతువుల వర్గం. ఆ వర్గంలోకి రాని ప్రాణికి రక్షణ లేదు. రేచుకుక్కను చంపినవారికి సంఘం బహుమతి ఇచ్చేది, ఎందుకంటే అది వేటగాడికి పోటీదారు. మరోవైపు, కొండవాగులలో ఎన్నడూ లేని ట్రౌట్ చేపను తెచ్చి పెంచే ప్రయత్నాలు జరిగాయి. అవి 20వ శతాబ్ది తొలి దశకంలో ఫలించాయి. అంటే ఇక్కడి ‘సంరక్షణ’ ప్రకృతిని ఉన్నదున్నట్లు నిలపడం కాదు. వేట వినోదానికి తగినట్లు ప్రకృతిని సరిదిద్దడం.

అయినప్పటికీ ఫలితాన్ని కాదనలేం. ఆడజంతువులను కాల్చరాదన్న నిబంధన, కాలనియమం, కాపలాదారుల నియామకం తహర్ వంటి మందలుగా బతికే జంతువుకు మేలు చేశాయి. సంఘ నిర్వాహకులలో ఒకడైన ఇ.జి. ఫిథియన్-ఆడమ్స్ 1939లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆ 60 ఏళ్ల చరిత్రను గ్రంథస్థం చేశాడు. లోపలివాడి దృష్టి అయినా, ఇంత సుదీర్ఘకాలం ఒక కొండప్రాంతంలో వేట నియంత్రణ ఎలా సాగిందో తెలిపే ఆధారం అది.

3. సభ్యులు, సభ్యులు కానివారు

వలస కాలంలో సంఘ సభ్యత్వం మూడు విషయాలను సూచించేది: సామాజిక హోదా, ‘స్పోర్ట్స్‌మన్’ అనే నడవడి, నియమాల రూపకల్పనలో భాగం. సంఘంలో చేరినవాడు తనపై తాను కొన్ని హద్దులు పెట్టుకునేవాడు. ఈ ఆత్మనియంత్రణ నిజమైనదే. అయితే ఆ హద్దులు సభ్యులు కానివారికి కూడా చట్టంగా వర్తించాయి. వారు మాత్రం ఆ నియమాల చర్చలో లేరు.

నీలగిరులలో తోడాలు, కోటలు, బడగలు, కురుంబలు, ఇరులలు తరతరాలుగా ఉన్నారు. వీరిలో తోడాలు ఎనుములను మేపుకునేవారు. వేట వారి జీవనంలో భాగం కాదు. తహర్ తిరిగే పచ్చికలే వారి ఎనుములకూ మేత. ఒకే కొండమీద శతాబ్దాలపాటు ఆ రెండూ కలిసి మేయడం ఎంతటి చారిత్రక వాస్తవమో ‘గేమ్’ సాహిత్యంలో కనిపించదు. అందులో కనిపించే స్థానికుడు వల పన్నేవాడు, ఉచ్చు పెట్టేవాడు, మాంసం కోసం చంపేవాడు. తల కోసం చంపడం క్రీడగా, తిండి కోసం చంపడం దొంగతనంగా స్థిరపడింది.

4. అదే సంవత్సరం, అదే ప్రెసిడెన్సీ

తెలుగు పాఠకులకు 1879 అనగానే గుర్తుకు వచ్చేది రంప తిరుగుబాటు. గోదావరి ఏజెన్సీలో మన్సబుదారు వసూళ్లు, కల్లుపై చిగురుపన్ను, కల్లు కాంట్రాక్టుదారుల దౌర్జన్యం, అడవిపై పెరుగుతున్న ఆంక్షలు కొండప్రజలను తిరుగుబాటుకు పురికొల్పాయి. నీలగిరి చట్టానికీ రంప తిరుగుబాటుకూ కార్యకారణ సంబంధం లేదు. ఆ చట్టం ఒక్క నీలగిరి జిల్లాకే పరిమితం. అయినా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం అవసరం. ఒకే ప్రభుత్వం, ఒకే సంవత్సరంలో, రెండు కొండప్రాంతాల నుంచి అడవి గురించి విన్నపాలు వింది. క్లబ్బు భాషలో వచ్చిన విన్నపం చట్టమైంది. కొండప్రజల గోడు మాత్రం సైన్యాన్ని పంపవలసిన శాంతిభద్రతల సమస్యగా మారింది.

మూడేళ్లకు వచ్చిన 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల వ్యవస్థను స్థిరపరచింది. పోడు, మేత, వంటచెరకు మీద అది తెచ్చిన ఆంక్షలు 1922–24 నాటి మన్యం పోరాటానికి నేపథ్యమయ్యాయి. సంఘంగా ఏర్పడి ప్రభుత్వంతో మాట్లాడగల స్థోమత ఎవరికి ఉందన్నది అటవీ చరిత్రలో పక్కన పెట్టదగిన ప్రశ్న కాదు.

5. హైరేంజి: తోటల యజమానుల పచ్చిక

నీలగిరులకు దక్షిణాన, తిరువాంకూరు సంస్థానంలోని కన్నన్ దేవన్ కొండలలో పరిస్థితి కొంత భిన్నం. పూంజార్ పాలకుల నుంచి జె.డి. మన్రో 1877లోనే ఆ కొండలను కౌలుకు పొందాడు. క్రమంగా అవి తేయాకు కంపెనీ అధీనంలోకి వచ్చాయి. ఆనైముడి శిఖరం (2,695 మీటర్లు) చుట్టూ ఉన్న ఎరవికులం పీఠభూమి తేయాకుకు అనువుగా లేనంత ఎత్తున ఉండటంతో తోటల అధికారులకు వేటభూమిగా మిగిలింది. 1928లో ఏర్పడిన హైరేంజి గేమ్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ దాని బాధ్యత వహించింది.

ఇక్కడ సభ్యులు కానివారి పాత్ర మరింత స్పష్టం. పీఠభూమిని కాపలా కాసినవారు ముదువన్ తెగవారు. జాడలు పట్టేదీ, చలికాలంలో కొండమీద ఉండేదీ, పచ్చికను విడతలవారీగా కాల్చి లేతగడ్డి మొలిపించేదీ వారే. సంఘం పేరిట నమోదైన విజయంలో వారి జ్ఞానమూ శ్రమా ఉన్నాయి. సభ్యుల జాబితాలో వారి పేర్లు లేవు.

కేరళ ప్రభుత్వం 1971లో కన్నన్ దేవన్ కొండల భూముల స్వాధీన చట్టం తెచ్చినప్పుడు ఎరవికులం భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. భూమిలేనివారికి పంచడం న్యాయమైన కోరికే. ఎత్తైన ఆ పచ్చికను దున్నితే తహర్‌కు చోటు ఉండదన్నదీ నిజమే. సంఘం, ప్రకృతి శాస్త్రవేత్తలు రెండో వాదాన్ని వినిపించారు. ప్రభుత్వం 1975లో దానిని అభయారణ్యంగా, 1978లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది. సుమారు 97 చదరపు కిలోమీటర్ల ఆ ఉద్యానవనమే నేటికీ తహర్‌కు అతిపెద్ద ఆవాసం.

6. తుపాకికి అందని ముప్పు

తుపాకిని అదుపు చేస్తే జంతువు బతుకుతుందన్నది తొలి సంఘాల మౌలిక విశ్వాసం. నీలగిరులలో ఈ విశ్వాసాన్ని దెబ్బతీసినవి చెట్లు. షోలా అడవుల మధ్య విస్తరించిన సహజ పచ్చికను పాలకులు మొదటినుంచీ ‘బంజరు’గా పరిగణించారు. వంటచెరకు కోసం ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన యూకలిప్టస్, వాటిల్ చెట్లను 19వ శతాబ్దిలోనే నాటారు. స్వాతంత్ర్యానంతరం పరిశ్రమల ముడిసరకు కోసం అటవీ శాఖ ఈ తోటలను మరింత విస్తరించింది. పైకారా, కుందా జలవిద్యుత్ పథకాలు లోయలను జలాశయాలుగా మార్చాయి. వేటకు లైసెన్సు ఉంది, కాలనియమం ఉంది. పచ్చికమీద చెట్టు నాటడానికి మాత్రం ఏ నిషేధమూ లేదు.

తెలుగు భాషలో దీనికి ఒక సాక్ష్యం మిగిలింది. యూకలిప్టస్‌ను తెలుగువారు ‘నీలగిరి చెట్టు’ అనీ, దాని నూనెను ‘నీలగిరి తైలం’ అనీ అంటారు. ఆ కొండల సహజ పచ్చికను ఆక్రమించిన విదేశీ వృక్షానికే ఆ కొండల పేరు స్థిరపడింది. ఒక భూభాగపు రూపం ఎంత పూర్తిగా మారిపోయిందో చెప్పడానికి ఈ వ్యవహారం చాలు.

7. సభ్యత్వానికి కొత్త అర్థం

స్వాతంత్ర్యం తరువాత సంఘంలో భారతీయ సభ్యులు పెరిగారు. ‘గేమ్’ స్థానంలో ‘వైల్డ్ లైఫ్’, ఆపై ‘ఎన్విరాన్‌మెంట్’ అన్న మాటలు పేరులో చేరాయి. ఈ మార్పు పేరుకే పరిమితం కాలేదనడానికి కూనూరు న్యాయవాది ఇ.ఆర్.సి. డేవిడార్ జీవితం నిదర్శనం. ఆయన మొదట వేటగాడు. తరువాత తుపాకి వదిలి పరిశీలకుడయ్యాడు. 1963లో నీలగిరులలో తహర్ గణనను వెలువరించాడు. 1975లో మొదలుపెట్టి పశ్చిమ కనుమలలో దాని ఆవాసాలను కాలినడకన తిరిగి, మొత్తం సంఖ్య సుమారు 2,200 అని అంచనా వేశాడు. ఏనుగుల దారులను కాపాడవలసిన అవసరాన్ని కూడా తొలినాళ్లలోనే గుర్తించి రాశాడు. 1969లో జార్జ్ షాలర్, 1979 తరువాత క్లిఫర్డ్ రైస్ చేసిన అధ్యయనాలు తహర్‌ను వేట గ్రంథాల నుంచి శాస్త్రంలోకి తెచ్చాయి.

1972 చట్టం తహర్‌ను మొదటి షెడ్యూలులో చేర్చడంతో వేట లైసెన్సు అంతరించింది. తన పుట్టుకకు కారణమైన పనే పోయినప్పుడు ఒక సంఘం మూతపడవచ్చు. నీలగిరి సంఘం మూతపడలేదు. గణన, అవగాహన శిబిరాలు, ప్రభుత్వానికి వినతులు దాని కొత్త పనులయ్యాయి. కాల్చే హక్కుకు బదులు లెక్కించే బాధ్యత సభ్యత్వానికి అర్థమైంది. ముకుర్తి ప్రాంతం 1982లో అభయారణ్యం, 1990లో జాతీయ ఉద్యానవనం అయింది. తమిళనాడు ప్రభుత్వం 2022లో 25.14 కోట్ల రూపాయలతో మంజూరు చేసి, 2023లో ప్రారంభించిన నీలగిరి తహర్ పథకంలో గణనతోపాటు పచ్చిక పునరుద్ధరణ కూడా లక్ష్యమైంది. డేవిడార్ గౌరవార్థం అక్టోబరు 7ను తహర్ దినంగా పాటిస్తున్నారు. సంఘ సభ్యుడొకడు వ్యక్తిగతంగా మొదలుపెట్టిన పని అర్ధశతాబ్దం తరువాత ప్రభుత్వ కార్యక్రమమైంది.

8. ముగింపు

నీలగిరి, హైరేంజి సంఘాల చరిత్ర నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, స్వార్థంతో మొదలైన సంరక్షణ కూడా ఒక జాతిని నిలపగలదు. వేటగాళ్లు తమకోసం పెట్టుకున్న హద్దులు లేకపోతే 1970లలో లెక్కించడానికి తగినన్ని తహర్‌లు మిగిలి ఉండేవని చెప్పడం కష్టం. రెండవది, సంఘం తన సభ్యులు చూడగలిగినంతే చూస్తుంది. తుపాకి పట్టినవారు తుపాకినే ముప్పుగా గుర్తించారు. పచ్చిక పోతున్న సంగతి పచ్చికమీద బతికే తోడాలకు తెలుసు, కాని వారి మాటకు సంఘంలో చోటు లేదు. మూడవది, సభ్యత్వపు అర్థం మారినప్పుడు సంఘం చూపు కూడా మారింది.

వాటిల్ తొలగించి మళ్లీ పచ్చిక పెంచాలంటే ఏ గడ్డి ఎక్కడ మొలుస్తుందో, ఎప్పుడు కాల్చాలో, ఎంత మేపాలో తెలిసినవారు కావాలి. ఆ జ్ఞానం తోడాల వద్ద, ముదువన్‌ల వద్ద ఉంది. 1877లో తెరిచిన సభ్యుల పట్టికలో వారికి స్థానం కల్పించడం గతానికి చేసే పరిహారం మాత్రమే కాదు. తహర్ మనుగడకు అది అవసరం. నల్లమల నుంచి పాపికొండల దాకా తెలుగు నేలపై సాగుతున్న సంరక్షణ ప్రయత్నాలను అంచనా వేయడానికి కూడా ఇదే ప్రశ్న కొలమానం కాగలదు: అడవిని కాపాడే సంఘంలో అడవిలో ఉండేవారు సభ్యులా, కాపలాదారులా, నిందితులా?